మా బావ సగమే చూసిన గూఢచారి

ఒక సినిమా ఆగిపోయిందని నాకు కోపం వచ్చిందంటే మా ఊళ్లో అందరూ నవ్వారు. మీరూ నవ్వండి, నాకేం పోయింది. ఎనిమిదో తరగతిలో పలకా బలపం పారేసిన నాటి నుంచి జనాన్ని నవ్వించడం నాకు అలవాటే. పొట్టకూటికి చేసేది మాత్రం రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల మోటార్లు బాగుచేయడం. విడవలూరు నుంచి సముద్రం దాకా ఏ గుంట గట్టు మీద మోటారు మూలిగినా నాకే ఫోను వస్తుంది. ఆ మోటార్లయినా కాలిపోయే ముందు వాసన కొడతాయి. మనుషులు అదీ కొట్టరు.

సినిమా అంటే ఏదో ఒక సినిమా కాదు. సూటు వేసుకున్న ఒక తెల్లదొర ఉంటాడు. వాళ్ల ప్రభుత్వానికి గూఢచారి. సినిమాకో నాలుగు దేశాలు తిరుగుతాడు, ఎంత కొట్టుకున్నా క్రాపు చెదరదు. నేను పుట్టకముందు నుంచీ వస్తున్నాయి ఆ సినిమాలు. హీరోలు ముసలివాళ్లయి దిగిపోతుంటారు, ఇంకొకడు ఎక్కుతుంటాడు, దొర మాత్రం దొరే. మా ఊళ్లో వాటి పేర్లు ఎవరికీ నోరు తిరగవు. "దొర సినిమా వచ్చినాదంట" అంటే చాలు, హాలు నిండేది.

ఆ హాల్లో ఆపరేటరు మా బావ. మా అక్క మొగుడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ప్రొజెక్టర్ గదిలో ఉడికాడు. మాది ఏసయ్య ప్రార్థనకు పోయే కుటుంబం, మా సంఘంలో సినిమా చూడటమే పాపం. ఇక చూపించేవాడి సంగతి చెప్పాలా? పెళ్లికి ముందు మా నాయన మూడు వారాలు ఉపవాసం ఉండి మరీ ఒప్పుకున్నాడు. పెళ్లయ్యాక మా అక్క ప్రతి ఆదివారం మొగుడి తరఫున క్షమాపణ ప్రార్థన చేసేది. బావ నవ్వేవాడు. "నేనేమన్నా చూస్తుండానా మే? చూపిస్తుండా. చూసేది నీ తమ్ముడు," అనేవాడు.

అందులో అబద్ధం లేదు. బావ అన్ని దొర సినిమాలు ఆడించాడు, ఒక్కటీ చూడలేదు. ఆ రోజుల్లో ఆ గదిలో రెండు మిషన్లు ఉండేవి. ఒకదాంట్లో రీలు అయిపోవస్తుంటే తెర పైమూల ఒక చుక్క కనబడుతుంది. అది చూసి రెండో మిషను మోటారు వేయాలి. ఇంకో చుక్క పడగానే బొమ్మను అటు మార్చాలి. ఈ మధ్యలో వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు కాలి కాలి దూరం కాకుండా చేత్తో దగ్గరికి జరుపుతుండాలి. ఒకసారి దొర విమానం రెక్క మీద వేలాడుతుంటే బావ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. చుక్క దాటిపోయింది. తెర తెల్లగా అయిపోయింది. కింద జనం ఆయన్ని, ఆయన్ని కన్నవాళ్లను తలుచుకున్నారు. హాలు యజమాని పైకొచ్చి ఒక్కటే మాట అన్నాడు: "టిక్కెట్టు కొన్న నా కొడుకులు బొమ్మ చూస్తారు. నువ్వు చుక్క చూడు." అప్పటి నుంచీ బావ చుక్కే చూశాడు. దొర ఎవడిని చంపాడో తెలియదు, ఎందుకు చంపాడో తెలియదు. ఏ రీలుకు ఎక్కడ అతుకు వేశారో మాత్రం చెప్పేవాడు.

తరవాత రీళ్లు పోయాయి, హాలు మూతపడింది. ఇప్పుడది రొయ్యల మేత గోడౌను. బావ అందులోనే బస్తాలు దించడానికి కుదిరాడు.

ఆ తరవాత చాలా ఏళ్లకు దొర సినిమా ఒకటి నెల్లూరులో పడింది. నేనే పట్టుబట్టి తీసుకుపోయాను. టిక్కెట్టు తీసుకుని, కుర్చీలో కూర్చుని, మొదటి నుంచీ చివరిదాకా బావ చూడబోయే మొదటి దొర సినిమా. అక్కకు మేత కంపెనీ మీటింగని చెప్పాం. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాడు, పెళ్లికొడుకు నయం. లోపలికి పోగానే తెర వైపు చూడకుండా వెనక్కి తిరిగి ప్రొజెక్టరు కన్నం వైపు చూశాడు. "ఎవురూ లేరురా పైన," అన్నాడు. బొమ్మ పడ్డాక ఇంకో అరగంట తెర పైమూలే చూస్తూ కూర్చున్నాడు. నేను మోచేత్తో పొడిచాను.

"చుక్క రాదు బావా. మధ్యలోకి చూడు."

అప్పుడు చూడటం మొదలుపెట్టాడు. ఆ ముఖం నేను పక్క నుంచి చూశాను. ఇంక దొరను నేనేం చూస్తాను?

ఇంటర్వెల్లో నాకు ఫోను. గుంటల మీద కరెంటు పోయింది, జనరేటరు పట్టడం లేదు, రొయ్య పైకి తేలుతోంది. గాలి అందక పైకొచ్చిన రొయ్య గంట ఆగదు. ఆ జనరేటరు పాతది, హ్యాండిల్ తిప్పడానికి ఒకడు, డీజిల్ చూసుకోవడానికి ఒకడు కావాలి. బావ అన్నాడు, "నువ్వు పోరా, నేను చూసుకోని బస్సుకొస్తా." నేను వినలేదు. చెయ్యి పట్టి లేపాను. "వచ్చే దొర సినిమా మొత్తం చూద్దాంలే బావా, యాడికి పోతాది?" అన్నాను. ఆయన లేచాడు. తలుపు దాకా తెర వైపే చూస్తూ వెనక్కి నడుస్తూ వచ్చాడు, పడుతున్నవి ప్రకటనలే అయినా.

జనరేటరు పట్టింది. రొయ్యలు బతికాయి. మేం మళ్లీ తీరిక చేసుకునేలోపు సినిమా ఎత్తేశారు. ఫోనులో చూపిస్తానంటే బావ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "అరచేతిలో చూసేదాన్ని సినిమా అంటారంట్రా? రెండో సగం నుంచి మొదలుపెట్టేదాన్ని చూడటమంటారా? వచ్చేది చూస్తాంలే."

వచ్చేది రాలేదు. ఏడాది, రెండేళ్లు, ఇంకా రాలేదు. బావకు చక్కెర జబ్బు మాత్రం వచ్చి కళ్లలో కూర్చుంది. కుడి కన్ను ముందే పోయింది, కంటి వెనక పొరలో నెత్తురు కారి. ఎడమ కన్ను సగం. నెల్లూరు కళ్ల డాక్టరు తేల్చి చెప్పాడు: తప్పకుండా వచ్చి కంట్లో ఇంజక్షను పొడిపించుకుంటూ ఉంటే ఈ మాత్రం చూపు నిలుస్తుంది, మానేస్తే పోతుంది. కంట్లో సూది! బస్తా కింద తేలును చేత్తో తీసి పారేసే మనిషి, ఆ మాట విని కుర్చీలోంచి లేచి బయటికి పోయాడు. మా అక్క బతిమాలింది, ఏడ్చింది, వాక్యం చదివింది. చివరికి నేను అన్నాను: "కన్ను లేకపోతే దొరనెట్టా చూస్తావు బావా?" "సరే, దొర వచ్చేదాకా పొడవనీ," అన్నాడు.

అట్లా ఆ కన్నుకూ ఆ సినిమాకూ ముడి వేసింది నేనే. అప్పటి నుంచి ఆస్పత్రికి పోయే ప్రతిసారీ బస్సులో ఒకటే ప్రశ్న. "దొర కబురేందిరా?"

కబురు చెప్పేది బావ కూతురు. కావలిలో డిగ్రీ చదువుతోంది, ఇంగ్లీషులో వచ్చే వార్తలు ఫోనులో చూసి మాకు విప్పి చెప్పేది. ఒకరోజు నేను గట్టిగానే అడిగాను.

"ఎందుకమ్మా ఆగినాది? హీరో దొరకలేదా?"

"హీరో దిగిపోయినాడు మామా, అది నిజమే. గానీ అసలు సంగతి అది కాదు. ఆ సినిమాల హక్కులు ఒక కుటుంబానివి. దుడ్డు పెట్టేది ఒక కంపెనీ. ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసినాది. ఇప్పుడు కొత్తోళ్లు మేం చెప్పినట్టు తీయాలంటారు, ఆ కుటుంబమేమో మా దొర మా ఇష్టం అంటాది."

"అంటే గుంట ఒకడిది, మోటారు ఒకడిది," అన్నాను. "మోటారు అమ్ముకుంటే కొన్నోడొచ్చి గుంటలో ఏ రొయ్యపిల్ల వదలాలో నేను చెప్తా అంటుండాడు."

"అంతే మామా."

"మరి ఈ లోపల రొయ్య?"

"రొయ్య ఎవురికి కావాలి?" అంది.

బావ మంచం మీద నుంచి తాపీగా అన్నాడు, "ముందు కూడా ఒకసారి ఇట్టనే ఆగినాదిరా. అప్పుడూ కోర్టు తగాదానే. నేను మిషన్ల గదిలో ఉండంగానే. ఏళ్ల తరబడి రాలా. తరవాత వచ్చినాడు కదా."

"అప్పుడు నీకు రెండు కళ్లు ఉండె బావా!" అని అరిచాను. ఎవరి మీద అరుస్తున్నానో నాకే తెలియలేదు. నా ఒళ్లు మండింది. ఆలోచించుకుంటున్నారట, తొందర లేదట! మాకు ఒక పూట మోటారు ఆగితే గట్టు మీద నిలబెట్టి అమ్మనాబూతులు తిడతారు. వాళ్లు ఏళ్లకేళ్లు ఆపేసి, ఏసీ గదుల్లో కాళ్లు చాపుకుని, సరైన కథ కోసం చూస్తున్నాం అంటారు. ఏం కథ? సూటు వేసుకోవడం, కారు ఎక్కడం, కొట్టడం. మా బావ ఇరవై ఏళ్లు ఆడించాడు, అడిగితే ఆయనే చెబుతాడు ఎక్కడ అతుకు పడుతుందో.

మా అక్క ఇదంతా వింటూ కూర్చుంది. సినిమా అన్న మాట నోటితో అనదు గానీ, మొగుడి కన్ను దేనికి వేలాడుతోందో ఆమెకు తెలుసు. రెండు రోజులకు నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది:

"రే, శుక్రవారం ఉపవాస ప్రార్థనకి ఒక చీటీ రాసీ. సినిమా అని రాయబాక, పేర్లు రాయబాక."

మా గుడిలో శుక్రవారం ప్రార్థన విన్నపాలు చీటీల మీద రాసి పెట్టెలో వేస్తారు. పేరు రాయనక్కర లేదు. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఒక్కొక్కటీ చదువుతారు, అందరూ మోకరించి ప్రార్థిస్తారు. నేను రాశాను, ఎనిమిదో తరగతి వరకు వచ్చిన తెలుగుతో: "హక్కుల విషయంలో రెండు పక్షాల వాళ్లు కొట్లాడుకుంటున్నందువల్ల జరగాల్సిన పని ఏళ్ల తరబడి ఆగిపోయింది. దానికోసం ఎదురుచూసే ఒకరి కళ్లు పోతున్నాయి. కళ్లు పోకముందే వాళ్లు రాజీపడి పని మొదలుపెట్టేలాగున ప్రార్థించండి." రాసి మురిసిపోయాను కూడా.

అయ్యగారు చదివారు. చదవడం పూర్తికాకముందే గుడిలో ఉన్న తలలన్నీ రెండు వైపులకు తిరిగాయి. కుడి పక్క మూడో వరసలో ఒక అన్న. ఎడమ పక్క చివరి వరసలో అతని తమ్ముడు. నాయన పోయిన నాటి నుంచి ఒక్క గుంట కోసం ఇద్దరికీ మాటల్లేవు. ఎవడి తాళం వాడు వేసి గుంట ఎండబెట్టారు. ఆడవాళ్ల వైపు ముందు వరసలో వాళ్ల తల్లి, రెండు కళ్లలో శుక్లాలతో.

ఆ ముగ్గురి సంగతి నాకు తెలియక కాదు, రాసేటప్పుడు నా బుర్రలో లేదు, అంతే.

అన్న లేచాడు. "ఎవుడు రాసినాడు ఇది?"

"కూచో నాయనా, చీటీకి పేరుండదు," అన్నారు అయ్యగారు.

"పేరెందుకు, వాడి పెండ్లాం రాసుంటాది!"

"నా పెండ్లానికి రాయడం రాదు," అన్నాడు తమ్ముడు వెనక నుంచి. "నువ్వే రాసి నాటకాలాడతుండావు."

తల్లి లేచి నిలబడింది. అటూ ఇటూ చేతులు చాపింది. ఎవడు ఎటు ఉన్నాడో ఆమెకు సరిగా కనబడటం లేదు. "ఎవురు రాస్తే ఏందిరా," అంది. "నిజమే గదా."

అంతే. అన్న వచ్చి ఒక చెయ్యి పట్టుకున్నాడు. కొంచెం ఆగి, తిట్టుకుంటూనే తమ్ముడు రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఆ వారమే గుంటకు నీళ్లు పెట్టారు. ఏరియేటర్లు బిగించడానికి పిలిచింది నన్నే.

మా ఇంట్లో బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పరలోకంలో కూడా పార్సిలు పక్కింటికి పోతాదన్నమాట!" మా అక్క రెండు రోజులు భయంతో అన్నం తినలేదు. నేను మాత్రం మండిపోయాను. నిజం చెబుతున్నాను, ఆ అన్నదమ్ములు కలిసినందుకు నాకు సంతోషం కలగలేదు. ఇంత సులువా? ఒక తల్లి లేచి చేతులు చాపితే తెగిపోయే తగాదానా? మరి ఆ కంపెనీల వాళ్ల మధ్య నిలబెట్టడానికి వాళ్లను కన్న తల్లి ఎవరూ లేరా? నిలబెట్టినా ఆ తల్లి చేతులు వాళ్లకు కనబడతాయా? మా బావ అనే మనిషి ఒకడున్నాడని వాళ్లకు ఏ చీటీ పోతుంది?

నాలుగు నెలలకు ఆ గుంటలో రొయ్య పట్టిన రోజు ఆ అన్న ఒక గంపెడు రొయ్యలు తీసుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. మోటారు బిల్లుల మీద నా రాత ఆయనకు తెలుసు, అయ్యగారిని అడిగి చీటీ చూసి పోల్చుకున్నాడట.

"నువ్వేనా అబ్బయ్యా రాసింది? మా అమ్మ నిన్ను చూడాలంటుండాది."

అక్క కళ్లతో వద్దంటోంది. నాకు ఆగలేదు. "నీకోసరం రాయలేదన్నా. సినిమా కోసరం రాసినా. మా బావ చూడాల్సిన సినిమా ఆగిపోయినాది."

ఆయన గంప పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బావను చూశాడు, నన్ను చూశాడు. "ఏ సినిమా?"

"దొర సినిమా."

"దొర సినిమా ఆగిపోయినాదా?" అని నిజంగా బాధపడ్డాడు. తరవాత గంప దించాడు. "సరే, ఎవురికోసరం రాస్తే ఏందిలే. రొయ్యలు చెడిపోతాయి, తీసుకోండి."

అక్క ఆ పూట ఇగురు పెట్టింది, నాకు మాత్రం వడ్డించలేదు. గుడిలో సినిమా కోసం ప్రార్థన చేయించిన పాపం ఊరంతా తెలిసేలా చేశానని.

ఈ మధ్య మళ్లీ కబురు వచ్చింది. మా మేనకోడలు గంతులేసుకుంటూ వచ్చి చదివింది. కుటుంబం పక్కకు తప్పుకుందట, పగ్గాలు పెద్ద కంపెనీ చేతికి వచ్చాయట. తీసేవాళ్లను కుదుర్చుకున్నారట, కథ రాస్తున్నారట. కొత్త దొర కోసం ఇంకా వెతుకుతున్నారట.

"అంటే తెర మీదికి ఎప్పుడు?" అన్నాడు బావ.

పిల్ల నా వైపు చూసింది. "అది చెప్పలేదు నాయనా. ఇంకా రెండేళ్లో, మూడేళ్లో."

బావ ఊఁ అన్నాడు. గురువారం ఇంజక్షనుకు పోవాలి. పొద్దున్నే నేను పోయేసరికి లుంగీలోనే కూర్చుని ఉన్నాడు. అక్క గడపలో నిలబడి ఏడుస్తోంది.

"నేను రానురా."

"ఎందుకు రావు?"

"దొర రాడు గదా. ఎవురికోసరం పొడిపించుకోవాల? చాల్లే."

ఇన్నాళ్లూ కంపెనీల మీద దాచుకున్న కోపమంతా ఆయన మీద పోశాను. "దొర కోసరమా నీ కన్ను? వాడెవుడు? వాడు నీకు బంధువా, బాకీదారా? వాళ్లు ఆపినారని నువ్వు ఆపుతావా? నీకూ వాళ్లకూ తేడా ఏంది? నా చేత చీటీలు రాయించి, అక్క చేత ఉపవాసాలు చేయించి, ఇప్పుడు కాలు మీద కాలేసుకోని చాల్లే అంటావా?" నోటికి ఎంత వస్తే అంత అన్నాను. చివరికి, అనుకోకుండా, ఆ మాట కూడా వచ్చేసింది: "ఆ పొద్దు ఇంటర్వెల్లో నిన్ను లేపుకోనొచ్చింది కంపెనీ కాదు బావా. నేను."

"తెలుసులే," అన్నాడు.

"తెలిసి ఇన్నేళ్లూ ఒక్క మాట అనలేదే?"

"నువ్వు కంపెనీ వాళ్లని అంత బాగా తిడతావుంటివి. మధ్యలో ఎందుకని."

ఆయన ఎడమ కన్ను నా వైపు పెట్టి, నేను కనబడే చోటు వెతుక్కుని చూశాడు.

"రాకపోతే ఏం చేస్తావురా?"

"ఎత్తుకోని పోతా. బస్సులో జనమంతా చూస్తారు. నాకు సిగ్గులేదు, నీకుందేమో చూసుకో."

"నీకు లేదని అందరికీ తెలుసు," అని లేచాడు. "సినిమా కోసరం కాదురా. నువ్వు ఎత్తుకుంటే పడేస్తావని వస్తుండా."

ఆస్పత్రిలో చుక్కల మందు వేశారు, లోపలికి తీసుకుపోయారు, పొడిచారు. డాక్టరు ఈసారీ మాట ఇవ్వలేదు, ఎప్పుడూ ఇవ్వడు. ఉన్న చూపు ఉంది, మళ్లీ రండి అన్నాడు. తిరుగు బస్సులో బావ కంటికి దూది పెట్టి పట్టీ వేసి ఉంది. రెండో కన్ను ఎలాగూ లేదు. నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను. కంపెనీని, కుటుంబాన్ని, ఇంకా దొరకని ఆ కొత్త హీరోని, వాడి క్రాపుని, కొత్త కథ రాసే వాళ్ల వేళ్లని, ఒక్కొక్కరినీ పేరుపేరునా. ముందు సీట్లో ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు.

"తిట్టు," అన్నాడు బావ. "తిట్టొద్దనడంలేదు. కొంచెం మెల్లగా తిట్టురా, కన్ను సలుపుతుండాది."